తప్పులు పట్టే పెట్టె

ఇంట్లో తప్పులు పట్టేవాళ్లకు కరువేముంది చెప్పండి! కూరలో ఉప్పు పిసరంత తగ్గితే మావారు, వాకిట్లో ముగ్గు ఒక పక్కకు ఒరిగితే మా అత్తయ్య. నవలలో నాయిక చీర రంగు అధ్యాయం మారగానే మారిందేమోనని భూతద్దం పెట్టుకుని వెతికే పాఠకురాళ్లు సరేసరి. వీళ్లంతా చాలరన్నట్టు మా అమ్మాయి ఇంకొకరిని తెచ్చి మధ్యగదిలో కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టింది. అన్నం అడగదు, చీర అడగదు, కరెంటు మాత్రం తాగుతుంది. పేరు సోనార్‌క్యూబ్. పని, కంప్యూటరు ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం.

"దానికి మిషనెందుకే? నేను లేనూ?" అంది మా అత్తయ్య.

అందరం నవ్వుకున్నాం. కాని ఆ వేసవిలో ఆ పెట్టె పట్టిన ఒక తప్పు సంగతి వింటే మీకు నవ్వు రాదు.

మాది భద్రాచలం. జిల్లా పేరు 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయినా మా ఊరి పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఖమ్మం జిల్లానే. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయి ఊరు తెలంగాణలో మిగిలింది కనుక, కూనవరం దారిన నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారిపోతుంది. దుమ్ముగూడెం, చర్ల దారిన పోతే అడవి మొదలవుతుంది. ఇలాంటి చోట కూర్చుని కంప్యూటరు ఉద్యోగం ఏమిటని మీకు అనిపించవచ్చు. మా చుట్టాలకూ అలాగే అనిపించింది. మా అమ్మాయి హైదరాబాదులో మూడేళ్లు ఒక కంపెనీలో పనిచేసింది. వాళ్లు మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు ఆ తగ్గినవాళ్లలో తనూ ఒకతె అయి, రెండు సూట్‌కేసులతో ఇంటికొచ్చింది. వచ్చిన వారానికే పెళ్లి సంబంధాలు కూడా వచ్చాయి. "ఉద్యోగం ఎటూ పోయింది కదా" అనేది వాళ్ల ధైర్యం. పిల్ల ఏమీ అనలేదు. మూడు నెలల తర్వాత తనంతట తనే ఒక పని వెతుక్కుంది. తునికాకు సేకరించే ఒక చిన్న సంఘానికి లెక్కలు చూసే ప్రోగ్రాము రాసిపెట్టడం ఆ పని. డబ్బు పెద్దగా లేదు. కాని సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఇది చెడితే తనని నమ్మి ఇంకొకరు పని ఇవ్వరన్న సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలుసు.

తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. ఎండాకాలం మొదట్లో తునికి పొదల కొమ్మలు కొట్టేస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి లేత చిగుళ్లు వేసి, ఆకు చెయ్యంత అవుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్లు అడవికి పోయి, ఎండ ముదిరేలోపు కోసుకొచ్చి, ఇంటిదగ్గర నీడన కూర్చుని కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. సాయంత్రం వాటిని కల్లానికి మోసుకెళ్తే అక్కడ కల్లేదారు వుంటాడు. ఆయన మా అత్తయ్యకు అన్నలాంటివాడు. ఆకు చిరిగిందా, చిల్లు పడిందా, ముదిరిందా, కట్టలో యాభై వున్నాయా అని చూసి, నచ్చని కట్ట పక్కన పడేస్తాడు. నచ్చినవి వరుసలుగా ఎండకు పరుస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే యాభైవేల ఆకులన్నమాట. కట్టకు ఇంత అని కూలి ఇస్తారు. ఆకు మంచి ధరకు అమ్ముడైతే మిగిలిన లాభంలో స్టాండర్డ్ బ్యాగుకు ఇంత అని తరువాత బోనస్ పంచుతారు. కోయ ఇళ్లలో చాలామందికి ఆ నెల రోజుల సంపాదన వానాకాలం విత్తనాలకూ పిల్లల బడి ఖర్చులకూ అక్కరకొస్తుంది.

మా అమ్మాయి రాయవలసింది ఆ లెక్కే. ఎవరు ఏ రోజు ఎన్ని కట్టలు తెచ్చారు, కూలి ఎంత, బోనస్ ఎంత. జావాలో రాసింది. రాసి, చూసుకుని, మళ్లీ చూసుకుని, "అమ్మా, కంపెనీలో అయితే నేను రాసింది ఇంకొకళ్లు చదివేవాళ్లు. ఇక్కడ చదివేవాళ్లెవరూ లేరు" అని దిగులుపడింది. అది నాకు తెలిసిన దిగులే. రాసినవాళ్ల కళ్లకు తాము రాసింది కనిపించదు, రాయాలనుకున్నదే కనిపిస్తుంది. పత్రికల్లో సబ్ ఎడిటర్లని అందుకే పెట్టారు.

ప్రోగ్రాములకూ అలాంటి సబ్ ఎడిటర్లు ఏనాటినుంచో వున్నారట. 1978లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే చోట స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన 'లింట్' అని ఒకటి తయారుచేశాడు. లింట్ అంటే ఉతికిన బట్టకు అంటుకునే నూలు పీచు. ప్రోగ్రాముకు అంటుకున్న పీచు ఏరుతుందని ఆ పేరు. బట్టలు ఆరేసేవాళ్లెవరో పక్కనుండి పెట్టించినట్టు లేదూ? ఆ వంశంలో పుట్టిందే ఈ సోనార్‌క్యూబ్. స్విట్జర్లాండులోని జెనీవాలో 2008లో మొదలైన సోనార్‌సోర్స్ అనే కంపెనీది. పెద్ద కంపెనీలకు డబ్బుకిచ్చే రకాలున్నాయి. ఉచితంగా ఇచ్చే రకాన్ని కమ్యూనిటీ బిల్డ్ అంటారు. వాళ్ల సొంత మిషన్ల మీద నడిపిపెట్టే సదుపాయం కూడా వుంది, మన ప్రోగ్రాము అక్కడికి పంపిస్తే చాలు. కాని మా అమ్మాయి ఒప్పుకున్న కాగితంలో, రాసిన ప్రోగ్రాము బయట ఏ కంప్యూటరుకూ పంపకూడదని ఒక షరతు వుంది. కాబట్టి తప్పులు పట్టే మనిషిని మనింటికే పిలిపించుకోవాలి.

అటక మీద మావారి పాత డెస్క్‌టాప్ కంప్యూటరు వుంది. దుమ్ము దులిపి, లోపల మెమరీ 8 జీబీకి పెంచి, దానికి లైనక్స్ ఎక్కించింది. తరువాత డాకర్ అంటూ మొదలుపెట్టింది. "అంటే ఏమిటే, నాలాంటి బి.ఏ. వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాను. చెప్పింది. నాకు అర్థమైనట్టు నేను చెబుతాను.

ఒక ప్రోగ్రాము పనిచేయాలంటే దానికి సవాలక్ష సంబారాలు కావాలి. సోనార్‌క్యూబ్‌కు ఫలానా జావాయే కావాలి, ఫలానా సెట్టింగులే కావాలి. అవన్నీ మన కంప్యూటరులో పరుచుకుంటే, రేపు ఇంకో ప్రోగ్రాము వచ్చి "నాకు ఆ జావా పడదు, ఈ జావా కావాలి" అంటుంది. తోడికోడళ్ల తగవు. 2013లో సాలమన్ హైక్స్ అనే ఆయనా ఆయన తోటివాళ్లూ బయటపెట్టిన డాకర్ ఏం చేసిందంటే, ఎవరి సంబారాలు వాళ్ల డబ్బాలోనే సర్ది మూత పెట్టింది. దాన్నే కంటైనర్ అంటారు. ఓడల మీద వెళ్లే ఇనుప పెట్టెల పేరే అది. 1956లో మాల్కం మెక్‌లీన్ అనే లారీల యజమాని అమెరికాలో ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 పెట్టెలు ఎక్కించి నూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు ఓడలోకి బస్తా బస్తా కూలీలు మొయ్యాల్సిందే. ఆ రోజు నుంచి పెట్టె పెట్టెగా ఎత్తిపెట్టడం మొదలైంది. పెట్టెలో అరటిపళ్లున్నాయా ఇనుప మేకులున్నాయా అనేది ఓడకు అనవసరం.

ఇందులో ఇమేజ్ అని ఒక మాట వస్తుంది, కంటైనర్ అని ఒకటి వస్తుంది. గులాబీ పువ్వులు వండే ఇనుప గుత్తి మీ ఇంట్లో వుందా? ఆ గుత్తి ఇమేజ్. పిండిలో ముంచి నూనెలో వదిలితే తేలివచ్చే పువ్వు కంటైనర్. పువ్వు విరిగితే విచారం లేదు, గుత్తి వుంది కదా, ఇంకోటి వేసుకోవచ్చు. చిక్కేమిటంటే, ఆ పువ్వులో మనం దాచుకున్నదేదైనా వుంటే అదీ దానితోపాటే పోతుంది. అందుకని దాచుకోవలసినవి డబ్బా లోపల కాకుండా బయట వాల్యూమ్ అనే అలమరలో పెట్టాలి. అద్దెకున్నవాళ్లు మారినా గోడ అలమర గోడకే వుంటుంది కదా, అలాగ.

డబ్బాలు రెండు పెట్టింది. ఒకదాంట్లో సోనార్‌క్యూబ్. రెండోదాంట్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు. పట్టిన తప్పులన్నీ తేదీలవారీగా రాసుకునే చిట్టా పుస్తకమది. అది లేకుండా కూడా నడుస్తుందట గాని, లోపల వుండే చిన్న చిట్టా రుచి చూడటానికే తప్ప కాపురానికి పనికిరాదట. ఈ రెంటికీ ఏ అలమర ఎవరిది, ఎవరు ఎవరితో మాట్లాడాలి అన్నది ఒక చిన్న కాగితం మీద రాసి ఇస్తే, డాకర్ కంపోజ్ అనేది చదువుకుని కాపురం పెట్టిస్తుంది. ఆ కాగితం రాయడంలో వరుసల ముందు ఖాళీలు సరిగ్గా వుండాలి. ఒక ఖాళీ ఎక్కువైనా మొరాయిస్తుంది. చుక్కల ముగ్గే అనుకోండి.

ఇంత చేసి "అమ్మా, చూడు" అని పిలిచింది. వెళ్లి చూశాను. డబ్బా లేచింది, నిమిషం తిరగకముందే పడిపోయింది. మళ్లీ లేపింది. మళ్లీ పడింది. బయట ఎండ మండిపోతోంది, పంకా వేడిగాలి కొడుతోంది. పిల్ల మొహం చూస్తే ఏడుపు గొంతులో వున్నట్టుంది. నేను మాట్లాడకుండా మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వచ్చాను.

అరగంటకు కారణం దొరికింది. సోనార్‌క్యూబ్ పొట్టలో ఎలాస్టిక్‌సెర్చ్ అని ఒక వెతుకులాడే యంత్రం వుంది. అన్నట్టు దాని పుట్టుక కథ మీరు వినితీరాలి. షాయ్ బానన్ అనే ఇజ్రాయెల్ యువకుడు, భార్య లండనులో వంట చదువు చదువుతుంటే, ఆవిడ వంటకాలు వెతుక్కోవడానికి వీలుగా ఒకటి రాయబోయాడు. అది పెరిగి పెరిగి 2010లో ఎలాస్టిక్‌సెర్చ్ అయి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. ఆవిడ వంటల ప్రోగ్రాము మాత్రం రాలేదట, ఇంకా ఎదురుచూస్తూనే వుందని వాళ్లే చమత్కారంగా రాసుకున్నారు. మగవాళ్లు పెళ్లాం కోసమని మొదలుపెట్టిన పనులు ఎక్కడ తేలతాయో ఎవరికెరుక!

ఆ యంత్రానికి కంప్యూటరు మెమరీలో చాలా అరలు కావాలి. లైనక్స్ మామూలుగా ఇచ్చేది 65530. ఇది కనీసం 262144 కావాలని పేచీ పెట్టి, ఇవ్వకపోతే అలిగి పడుకుంటోంది. సోనార్‌క్యూబ్ వాళ్లయితే 524288 ఇమ్మన్నారు. చోద్యమేమిటంటే ఆ అంకె డబ్బాలో మారిస్తే లాభం లేదు, కంప్యూటరులోనే మార్చాలి. డబ్బాలు ఎన్ని వున్నా అడుగున వుండే కెర్నెల్ ఒకటే. అద్దెవాళ్లు ఎవరి గదిలో వాళ్లు వండుకున్నా నీళ్లు తోడుకునే బావి అందరికీ ఒకటైనట్టు. అంకె మార్చింది. డబ్బా లేచి నిలబడింది. సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది. వచ్చాక చూస్తే డబ్బా మళ్లీ పడుకునే వుంది! ఆ అంకెను ఒక ఫైలులో శాశ్వతంగా రాసిపెట్టకపోతే కంప్యూటరు ఆగి లేచినప్పుడల్లా మరిచిపోతుందట. అదీ రాసింది. మావారు నోరు మెదపకుండా టీవీకున్న ఇన్వర్టరు తీగ తీసుకొచ్చి పెట్టెకు తగిలించారు. ఆయన పిల్లతో "దిగులు పడకు" అని నోటితో అనే మనిషి కాదు.

తెల్లవారి తెర మీద 9000 నంబరు గుమ్మం తెరుచుకుంది. మొదటి పేరు అడ్మిన్, తాళం మాట కూడా అడ్మినే. కొత్త తాళంకప్పతో వచ్చే తాళంచెవిలాంటిది, లోపలికి వెళ్లగానే మార్చమంటుంది. మార్చి, తను రాసిన ప్రోగ్రామును దానికి చదివించింది. నాలుగు నిమిషాలు పట్టింది. పైన పచ్చగా, పాసైనట్టు వచ్చింది!

నేను స్వీటు తేనా అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆ పాసు ఎందుకంటే, ఆ పెట్టె వాకిట్లో ఒక కల్లేదారు వున్నాడు. క్వాలిటీ గేట్ అంటారు. ఆయన కొత్తగా రాసినదానికే నిబంధనలు పెడతాడు. కొత్తగా రాసినదాంట్లో నూటికి 80 వంతులు పరీక్షలు తాకి వుండాలి, రాసిందే రాయడం నూటికి 3 వంతులు మించకూడదు, అలాగ. మొదటిసారి చదివినప్పుడు పోల్చడానికి పాతదేదీ లేదు కనుక వదిలేస్తాడు. అసలు సరుకు లోపలి పేజీలో వుంది.

అక్కడ చూస్తే ఎన్ని రకాలు! స్మెల్స్ అట, అంటే వాసనలు. కెంట్ బెక్ అనే ఆయన పెట్టిన పేరు, 1999లో మార్టిన్ ఫౌలర్ పుస్తకంతో వాడుకైంది. తప్పని అనలేం గాని, పాలు విరగబోయే ముందు వచ్చే వాసనలాంటిది. వాడని పేర్లు, కొట్టేసి వదిలేసిన వాక్యాలు, మెలికలు ఎక్కువై చదవలేని పేరాలు. మెలికలకు కూడా లెక్కుంది, 15 దాటితే విడగొట్టమంటుంది. తెలుగు నవలలకు ఈ నిబంధన పెడితే మాలో చాలామందికి జీవనాధారం పోతుంది. ఈ వాసనలన్నీ కడగడానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్కకట్టి, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఒక మొత్తం చూపించి, దాన్ని సాంకేతిక రుణం అంటుంది. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అన్న మాట అది. ఇప్పటికి గడిచిపోవాలని హడావుడిగా రాసినది అప్పే, వడ్డీతో తీర్చాలని. పాల్వంచ తహసీల్దారు గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాలకు వెళ్లిన కథ వింటూ పెరిగిన ఊరివాళ్లం, రుణం సంగతి మాకు కొత్తగా చెప్పాలా! మా అమ్మాయి అప్పు రెండు రోజుల చిల్లర తేలింది. తీర్చడానికి రాముడూ లక్ష్మణుడూ రారు గనక తనే తీర్చుకోవాలి.

వీటన్నిటి నడుమ, బగ్స్ అన్న శీర్షిక కింద ఒకటుంది. పక్కన తక్కువ తీవ్రత అని ముద్ర. మా అమ్మాయి దానిమీద నొక్కింది. చదివింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

బోనస్ లెక్క కట్టే వరుస అది. ఒక మనిషి తెచ్చిన కట్టల్ని వెయ్యితో భాగించి, ఎన్ని స్టాండర్డ్ బ్యాగులో తేల్చి, బ్యాగుకు ఇంత అని గుణించాలి. మనకు మూడో తరగతిలో భాగఫలం, శేషం అని నేర్పారు కదా. జావాకు రెండు పూర్ణసంఖ్యలు ఇచ్చి భాగించమంటే భాగఫలాన్ని వుంచుకుని శేషాన్ని నిశ్శబ్దంగా పారేస్తుంది. తరువాత ఆ జవాబును దశాంశాలు పట్టే గిన్నెలో పోసినా పోయిన శేషం తిరిగి రాదు. అంటే 2850 కట్టలు కట్టినావిడకు 2.85 బ్యాగులు రావలసిన చోట 2 బ్యాగులే వస్తాయి. లెక్క సులువుకి బ్యాగుకు వెయ్యి రూపాయలనుకుంటే, ఆవిడకు 850 రూపాయలు గల్లంతు. 999 కట్టలు కట్టినావిడకు సున్నా.

"పరీక్షలు రాశావు కదే?" అన్నాను.

"రాశాను. ఆ వరుస మీదుగానే వెళ్లాయి. కాని నేను ఇచ్చిన అంకెలు వెయ్యి, రెండు వేలు, అయిదు వేలు" అంది. గుండు సున్నాల అంకెలు. వాటిని వెయ్యితో భాగిస్తే శేషం ఎక్కడ మిగులుతుంది, తప్పు ఎక్కడ బయటపడుతుంది!

బాగుచెయ్యడానికి ఒక్క మాట చేర్చితే సరిపోయింది. భాగించకముందే కట్టల అంకెను దశాంశాల జాతికి మార్చడం. రెండు నిమిషాల పని. కాని పిల్ల ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు. రాత్రి డాబా మీద పడుకుని, "ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదమ్మా" అంది. "కంప్యూటరు చెప్పిందంటే కంప్యూటరు చెప్పినట్టే. సంతకం పెట్టి తీసుకునేవాళ్లు." నేను జవాబు చెప్పలేదు. తక్కువ తీవ్రత అన్న ముద్రే నా కళ్ల ముందు తిరుగుతోంది. పెట్టెను తప్పుపట్టి లాభం లేదు. దానికి తెలిసింది జావా. ఆ శేషాల వెనక ఎవరి పొలం విత్తనాలున్నాయో దానికెలా తెలుస్తుంది? కట్టకు యాభై ఆకులన్న సంగతే దానికి తెలియదు. యాభై బదులు అరవై అని రాసినా, కూలి రేటు సగానికి సగం తప్పు వేసినా, వ్యాకరణం బాగుంటే పచ్చరంగే చూపిస్తుంది.

ఆ సంగతి పిల్లకు నాకంటే బాగా తెలిసినట్టుంది. మర్నాడు చర్ల వైపునుంచి సంతకు వచ్చే ఒకావిడ, ఏటా మాకు చింతపండు తెచ్చిపెట్టే మనిషి, వాకిట్లో కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే, పక్కన చతికిలబడి అడిగింది. "పెద్దమ్మా, నిండు బ్యాగు లెక్కకి ఎంతమంది తెస్తారు?"

ఆవిడ నవ్వింది. "నిండు సంచి ఎవలకొస్తది బిడ్డా? ఒకనాడు నూరు కట్టలు, ఒకనాడు ఎనభై. జరమొచ్చిననాడు లేనే లేదు. వాన పడితే ఆకు నల్లగైతది, వాడు పారేస్తడు. ఆఖరికి ఎంతైతే అంత."

ఆ సాయంత్రం పిల్ల కొత్త పరీక్షలు రాసింది. అంకెలు ఆవిడ చెప్పినవే. నూరు, ఎనభై, సున్నా, మళ్లీ నూటపదిహేడు. జ్వరం వచ్చిన రోజు, వాన పడిన రోజు. కల్లేదారు పారేసిన కట్టలకు విడిగా ఒక గడి. పెట్టెకు మళ్లీ చదివించింది. ఈసారి గేటు దగ్గర కల్లేదారు నిజంగానే నిలబెట్టి చూసి, కొత్త రాతలో పరీక్షలు తాకని భాగం ఎక్కువుందని ఎర్రగా తిప్పికొట్టాడు. రాత్రి పదకొండింటికి పచ్చగా వచ్చింది. మా అత్తయ్య అప్పటికి నిద్రపోయింది గాని, పొద్దున లేచాక సంగతంతా విని, "ఆ చింతపండావిడ చెప్పిందే ఎక్కువ చెప్పిందేమోనే" అని ఊరుకుంది. సాధారణంగా నేను అత్తయ్యతో ఏకీభవించను. ఆ రోజు మాత్రం రెండో కాఫీ నేనే కలిపిచ్చాను.

లెక్కలు సంఘానికి అప్పజెప్పేటప్పుడు, మొదట ఇలా తప్పు వుండి సరిచేశానని కాగితం మీద రాసి ఇచ్చింది మా అమ్మాయి. మావారికి అది నచ్చలేదు, పని పోతుందేమోనని ఆయన భయం. పని పోలేదు. వచ్చే ఏడుకీ రమ్మన్నారు. పక్క ఊరి సంఘం వాళ్లు కూడా కబురు పెట్టారు గాని ఇంకా ఏదీ తేలలేదు.

జూలైలో గోదావరి పెరగడం మొదలైంది. మా ఊళ్లో 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71 దాటింది. కాబట్టి నీళ్లు 40 దగ్గరకొస్తేనే మేం బియ్యం డబ్బాలు అటక మీదికి ఎక్కించేస్తాం. ఆ సాయంత్రం నేను పట్టుచీరలు కడుతుంటే పిల్ల పెట్టె ముందు కూర్చుని చిట్టా పుస్తకం మొత్తం, అంటే ఆ పోస్ట్‌గ్రెస్ అలమరలోదంతా, ఒక పెన్‌డ్రైవులోకి దింపుతోంది. డబ్బాలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, అలమర పోతే రాదు. దింపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రేషను కార్డూ ఇంటి పట్టాలూ వుండే రేకు పెట్టెలో పెట్టమని నా చేతికిచ్చింది. కంప్యూటరును మాత్రం మావారు దుప్పటిలో చుట్టి, నిచ్చెన వేయించుకుని, బియ్యం డబ్బా పక్కన అటక మీద కూర్చోబెట్టారు.